ఆ కాగితాన్ని గోడకు అంటించండి

సంపాదకులకు నమస్కారం.

ఈవీఎంలను నమ్మలేమని, వాటిని తీసేసి పాత కాగితం బ్యాలెట్టే తేవాలని ఒక పాఠకుడు రాసిన లేఖ పోయిన వారం మీ పత్రికలో చదివాను. నేను పర్లాకిమిడిలో రిటైరైన టీచర్ని. పెట్టెతోనూ, మెషీన్‌తోనూ ఎన్నికల డ్యూటీ చేసినవాణ్ణి. ఆయన అనుమానాన్ని కాదనను. ఆయన చెప్పిన మందే నాకు మింగుడుపడలేదు. నా మందు వేరు: బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన కాగితాన్ని ఆ సాయంత్రమే గోడకు అంటించడం.

బ్యాలెట్ సంగతి తెలుసుకోవడానికి మా ఒడిశాలో అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు కాగితాల మీదే జరిగాయి. పెట్టెలు ఎత్తుకుపోయి, బ్యాలెట్లు చించేసి, కొన్నిచోట్ల మళ్లీ పోలింగ్ పెట్టాల్సి వచ్చింది. గొడవల్లేని చోట చెల్లని ఓట్ల పేచీ. స్వస్తిక్ ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడితే మాదంటే మాదని ఏజెంట్లు తగువులాడుకునేవారు. సిరా ఆరకుండా మడత పెడితే అవతలి గుర్తు మీద కూడా మరక. మెషీన్ వాడేచోట ఇవి ఉండవు. పైగా అది నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు. ఎవరైనా దౌర్జన్యానికి దిగినా బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్ 'క్లోజ్' బటన్ నొక్కేస్తే ఇక ఒక్క ఓటూ పడదు.

అలాగని మెషీన్ దేవుడేం కాదు. మెషీన్ చేతికి దొరికితే లోపలి భాగం మార్చి అంకెలు తారుమారు చేయొచ్చని 2010లో హైదరాబాద్ వాసి హరిప్రసాద్, ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి చూపించారు. ఆ మెషీన్ నీకెలా వచ్చిందంటూ ఆయన్నే అరెస్టు చేశారు! 2013లో సుప్రీంకోర్టు చెప్పాక, వేసిన ఓటును చీటీ మీద అచ్చేసి చూపే వీవీప్యాట్ దశలవారీగా అన్నిచోట్లకూ వచ్చింది. గాజు వెనక చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. దాని మీద పేరు ఒడియాలో ఉంటుంది, మా అత్తగారికి తెలుగే వచ్చు. గుర్తు చూసుకుని వచ్చేశారు. ఆ చీటీలైనా అసెంబ్లీ నియోజకవర్గానికి అయిదు బూత్‌లవే లెక్కపెడతారు. అన్నీ లెక్కపెట్టాలన్న పిటిషన్లను 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

నన్నడిగితే చిప్పు కన్నా మాబోటి వాళ్ల నిద్రమత్తుకే ఎక్కువ భయపడాలి. 2019 ఏప్రిల్ 11న నాకు మా జిల్లాలోని మోహన వైపు కొండల్లో, ఒక సవర గిరిజనుల ఊళ్లో ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా డ్యూటీ పడింది. రాత్రంతా దోమలు. తెల్లవారుజామున మాక్ పోల్, అంటే మెషీన్‌ను పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్, మొదలుపెట్టాం. యాభై ఓట్లు వేసి, వీవీప్యాట్‌లోంచి ఆ చీటీలు తీసి నల్ల కవర్లో పెట్టి సీలు వేశాను. ఇక అసలు పోలింగ్ మొదలుపెట్టబోతుంటే ఒక కుర్ర ఏజెంట్ "సార్, క్లియర్ కొట్టారా?" అన్నాడు. కొట్టలేదు! ఆ యాభై ఓట్లూ లోపలే ఉన్నాయి. ఆ అబ్బాయి అడక్కపోతే సాయంత్రం లెక్క తేడా వచ్చి ఆ ఊరి ఓట్లన్నీ చిక్కులో పడేవి. ఇప్పటికీ తల్చుకుంటే చెమటలు పడతాయి.

ఆ బూత్‌లో ఉన్నది ఇద్దరే ఏజెంట్లు. పోలింగ్ ముగిశాక మెషీన్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో, మెషీన్ నంబరేమిటో, సీళ్ల నంబర్లేమిటో 17సి ఫారంలో రాసి, సంతకం చేసి, కాపీ ఏజెంట్లకు ఇవ్వాలి. ఇద్దరికీ ఇచ్చాను. మిగతా అభ్యర్థులకు అంత దూరం మనిషిని పంపే స్తోమత లేదు, కాబట్టి వాళ్లకి కాగితమూ లేదు. బయట చింతచెట్టు కింద కూర్చున్న ఊరివాళ్లు "ఎన్ని పడ్డాయి బాబూ?" అని అడిగితే నోటితో చెప్పాను.

2024 ఎన్నికల్లో పోలైన ఓట్లకూ లెక్కించిన ఓట్లకూ తేడా ఉందని మా రాష్ట్రంలోని బీజేడీ పార్టీ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. తేడా నిజమో కాదో ఓటరు సొంతంగా తేల్చుకోవాలంటే ఆధారం ఆ 17సి కాగితమే. అది ఓటరు చేతికి రాదు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. 17సి కాపీ ఒకటి ఆ సాయంత్రమే బూత్ గోడకు అంటించాలి. దాంట్లో ఎవరు ఎవరికి వేశారన్నది ఉండదు, రహస్యం బయటపడదు. 17సి ఫారాల్ని వెబ్‌సైట్లో పెడితే ఆ ఫొటోలు మార్ఫింగ్ చేస్తారని 2024లో ఎన్నికల సంఘం కోర్టుకు చెప్పింది. గోడ మీదున్న కాగితాన్ని ఊళ్లో పదిమంది ఫోన్లో ఫొటో తీసుకుంటే, మార్చిన ఫొటో ఏదో ఆ ఊరివాళ్లే చెప్తారు. ఒక కార్బన్ కాపీ, కాస్త జిగురు. ఆ పూట ప్రిసైడింగ్ ఆఫీసర్ నింపే అన్నేసి ఫారాల మధ్య ఇదేం పెద్ద బరువు కాదు, చేసినవాణ్ణి గనక చెప్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా