నల్ల పావులతో ఏం ఆడాలని అడిగావు కదా

బాన్ (జర్మనీ),
ఆదివారం

ఒరేయ్ చిన్నా,

చెస్ ఫైనల్‌కి వచ్చావని అమ్మ చెప్పింది, ఆ వెంటనే "రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో ఆ గళ్ళే చూస్తున్నాడు, అన్నం కూడా సరిగ్గా తినట్లేదు, నువ్వైనా చెప్పు" అని కూడా చెప్పింది. తిండి సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. నువ్వు పంపిన ఆ పొడుగాటి వాయిస్ మెసేజ్‌కి మాత్రం ఉత్తరమే రాస్తున్నాను, ఫోన్లో అయితే నన్ను రెండు ముక్కలు కూడా పూర్తిగా చెప్పనివ్వవు.

ఆరు గేముల మ్యాచ్, అందులో మూడు నల్ల పావులతో, అవతల మాస్టారు, ఆయన మొదటి ఎత్తు ఈ4 (రాజు ముందు బంటు రెండు గళ్ళు) తప్ప ఇంకోటి ఆడరు. దానికి జవాబుగా ఓపెనింగుల్లో బెర్లిన్ డిఫెన్స్ ఆడాలా, స్వెష్నికోవ్ సిసిలియన్ ఆడాలా అని నీ ప్రశ్న. నన్నడిగితే రెండూ వద్దు. ఎనిమిదో తరగతి నుంచి ఆడుతున్న ఫ్రెంచ్ డిఫెన్సే ఆడు.

మొహం మాడ్చుకోకు, చెప్పేది విను.

బెర్లిన్ ఎందుకు అనుకున్నావో నాకు తెలుసు. 2000లో లండన్‌లో వరల్డ్ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో క్రామ్నిక్ అదే ఆడి అప్పటి చాంపియన్ కాస్పరోవ్‌ని ఆపేశాడు, 15 గేములు జరిగితే కాస్పరోవ్ ఒక్కటి కూడా గెలవలేదు, 8.5-6.5తో టైటిల్ పోయింది. మాస్టారు కూడా కాస్పరోవ్ లాగే రాజు మీదకి దూకే మనిషి, పావులు బలి ఇస్తారు, ఎనిమిదో ఎత్తుకే క్వీన్లు మార్చేస్తే ఆయనకి చేతులు కట్టేసినట్టు ఉంటుంది అని నీ లెక్క. లెక్కలో సగం కరెక్టే. రెండో సగం నువ్వు. క్వీన్లు పోయాక మూడు గంటలు ఓపిగ్గా కూర్చోవడం క్రామ్నిక్‌కి ఇష్టమైన పని, నీకు శిక్ష. ఇరవయ్యో ఎత్తుకి విసుగొచ్చి ఏదో ఒక బంటు తోసేస్తావు, నీ గేములు నాకు తెలియనివి కావు. పైగా ఆ పొజిషన్లో నీ రాజు డీ8లో ఇరుక్కుంటాడు, కాస్లింగ్ చేసి రాజుని మూలకి దాచుకోవడం ఉండదు, సీ వరసలో జంట బంట్లు. భయమేసినప్పుడల్లా పావులు మార్చుకునే అలవాటు నీకుంది చూడు, అది అక్కడ పనికిరాదు, ఎందుకంటే అన్నీ మారిపోయి బంట్లు మాత్రమే మిగిలితే మామూలుగా తెల్లవాళ్ళే గెలుస్తారు, రాజు పక్కన వాళ్ళకి నాలుగు బంట్లు, నీకు మూడు. నీ దగ్గరుండే రెండు బిషప్‌లే నీ బలం, అవి పట్టుకుని వేలాడాలి. ఇదంతా ఇప్పుడు నేర్చుకుని రెండు వారాల్లో ఆడతావా?

స్వెష్నికోవ్ గురించి ఎక్కువ రాయను. 2018 వరల్డ్ చాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్ ఆడాడని చూశావు. ఆ మ్యాచ్‌లోనే అవతలున్న కరువానా మొదటి సగంలో బిషప్‌ని బీ5కి పెట్టి అసలు స్వెష్నికోవ్ రానివ్వలేదు, అదీ చూడు. నువ్వు వెయ్యి ఎత్తులు బట్టీ పట్టి కూర్చుంటావు, మాస్టారు మూడో ఎత్తుకి బిషప్ బీ5 అంటారు, నీ చదువంతా గోవిందా.

ఫ్రెంచ్‌లో ఆ బాధ లేదు. ఈ6, డీ5 పెట్టగానే ఆట నీకు తెలిసిన ఊళ్ళోనే ఉంటుంది. ఆయన ఈ5 తోస్తే సీ5 ఆడు, గుర్రం సీ6, క్వీన్ బీ6, డీ4 బంటు మీద బరువంతా పెట్టు, నిద్రలో లేపినా చెప్తావు ఇది. సీ8 బిషప్ గోడ వెనక పడి ఉంటుందనే కదా నీ ఏడుపు. దాన్ని డీ7 మీదుగా బీ5కి తెచ్చి తెల్ల బిషప్‌తో మార్చుకోవడం ఒక పద్ధతి, బీ6 ఆడి ఏ6 నుంచి మార్చుకోవడం ఇంకో పద్ధతి. రెండూ ప్రాక్టీస్ చెయ్యి.

ఫ్రెంచ్ పాతబడిపోయిందని మీ కోచింగ్ కుర్రాళ్ళు అన్నారట. పాతదే, 1834లో లండన్, పారిస్ ఊళ్ళ మధ్య ఉత్తరాల మీద ఆట మొదలైతే పారిస్ వాళ్ళు ఆడారు కాబట్టే దానికి ఆ పేరు. అయితే ఏంటి? 2024లో సింగపూర్‌లో వరల్డ్ చాంపియన్‌షిప్ మొదటి గేములోనే డింగ్ లిరెన్ ఫ్రెంచ్ ఆడి గుకేశ్‌ని ఓడించాడు. అవతల గుకేశ్ టీమ్‌లో మన గుంటూరు హరికృష్ణ లాంటి వాళ్ళున్నారు, అంత ప్రిపరేషన్ ఉన్నా. అయిదో గేములో మళ్ళీ ఫ్రెంచ్, డ్రా. 13వ గేములో కూడా ఫ్రెంచే, అక్కడ గుకేశ్ బాగా నొక్కాడు, అయినా డ్రా. మూడు ఫ్రెంచ్ గేముల్లో నల్ల పావులకి రెండు పాయింట్లు. డింగ్ మ్యాచ్ ఓడిపోయాడు నిజమే, కానీ దానికి ఫ్రెంచ్ కారణం కాదు, ఆఖరి గేములో తెల్ల పావులతో డ్రా అయ్యేదాన్ని రుక్ ఎఫ్2 అని పోగొట్టుకున్నాడు. ఆ గేములో నల్ల పావులు గుకేశ్‌వి, ఇదీ గుర్తుంచుకో.

ఇప్పుడు అసలు సంగతి. టోర్నమెంట్ వేరు, మ్యాచ్ వేరు. టోర్నమెంట్‌లో ఆ మనిషి మళ్ళీ ఎదురుపడడు. మ్యాచ్‌లో మాస్టారు ఇంటికెళ్ళి, టీ తాగి, నీ గేమంతా మళ్ళీ ఆడుకుని చూసి రెండు రోజుల తర్వాత అదే కుర్చీలో కూర్చుంటారు. కాబట్టి మొదటి నల్ల గేముకి ఏం ఆడాలన్నది చిన్న ప్రశ్న. రెండోసారి అదే పొజిషన్ వస్తే ఎక్కడ దారి మారుస్తావు? అది ఇప్పుడే రాసి పెట్టుకో. ఇక్కడ బాన్‌లో నేను రోజూ ట్రామ్‌లో దాటే ఆర్ట్ మ్యూజియం ఉంది కదా, 2008లో ఆనంద్, క్రామ్నిక్ వరల్డ్ చాంపియన్‌షిప్ ఆడింది అందులోనే. ఆనంద్ మూడో గేములో నల్ల పావులతో మెరాన్ అనే ఓపెనింగ్ ఆడి, 14వ ఎత్తులో బిషప్ బీ7 అని కొత్తది తీసి గెలిచాడు. అయిదో గేములో మళ్ళీ అదే మెరాన్, అదే బిషప్ బీ7. క్రామ్నిక్ ఈసారి చదువుకునే వచ్చి ఉంటాడు కదా, ఆనంద్ 15వ ఎత్తుకే దారి మార్చేశాడు, మళ్ళీ గెలిచాడు. నల్ల పావులతో రెండు! మొదటిసారి ఆడేటప్పుడే రెండోసారి సంగతి జేబులో ఉండాలంటే ఇదే.

స్కోరు సమానంగా ఉండి ఆఖరి గేము నీకు నల్ల పావులొస్తే టెన్షన్ పడి కొత్తవి మొదలుపెట్టకు. 2010లో సోఫియాలో తొపలోవ్‌తో వరల్డ్ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో 5.5-5.5 దగ్గర ఆనంద్‌కి చివరి గేము నల్ల పావులే. (అగ్నిపర్వతం బూడిదకి విమానాలు ఆగిపోతే ఆ మ్యాచ్‌కి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రోడ్డు మీదే వెళ్ళాడు పాపం.) ఆడింది ఏంటి? తాతల నాటి లాస్కర్ డిఫెన్స్. డ్రా అయితే ర్యాపిడ్ (తక్కువ టైమ్ గేములు) ఆడాలి, అది తొపలోవ్‌కి ఇష్టం లేదు, లాగి లాగి తనే కుప్పకూలాడు. మాస్టారికి కూడా ర్యాపిడ్ అంటే చిరాకని నువ్వే చెప్పావు, అయితే తొందర ఆయనది, నీది కాదు. ఒక పాయింటు వెనకబడి ఉంటే మాత్రం వేరు, ఫ్రెంచ్‌లో ఆయన ఈ4 బంటుతో నీ డీ5 బంటుని కొట్టేసి చప్పగా డ్రా చేసుకుపోతారు. ఆ ఒక్క పరిస్థితికి సిసిలియన్ ఏదో ఒకటి దగ్గర పెట్టుకో, నీ సరదా కూడా తీరుతుంది.

ద్వారకానగర్ లైబ్రరీలో కూర్చుని చదువుతానంటే చదువు, కానీ ఎత్తులు బట్టీ పట్టడానికి కాదు, ఫ్రెంచ్ ఎండింగుల కోసం. నాన్నకి బి షిఫ్ట్ ఉన్న రోజుల్లో ఇల్లు ఖాళీగానే ఉంటుంది, అప్పుడు గడియారం పెట్టి ఎవరితోనైనా ఈ5 వేరియేషన్ నుంచి మొదలుపెట్టి ఆడు. గేము రోజు పొద్దున్న ఫోన్ ముట్టుకోకు, బీచ్ రోడ్డు మీద కాసేపు నడిచి రా.

మాస్టారి పాత స్కోరు షీట్లు క్లబ్‌లో ఉంటే ఫొటోలు తీసి పంపు, నేను ఇక్కడ కూర్చుని చూస్తాను. ఇంకోటి, ఆయన ఈ4 తప్ప ఆడరని అంత గట్టిగా ఎలా చెప్తున్నావు? ఆనంద్ కూడా ఎక్కువగా ఈ4 మనిషే, బాన్‌లో తెల్ల పావులు రాగానే డీ4 (క్వీన్ ముందు బంటు) ఆడి క్రామ్నిక్‌ని ఆలోచనలో పడేశాడు. మాస్టారు డీ4 ఆడితే నువ్వు ఏం చేస్తావో అంత పొడుగు వాయిస్ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. ముందు అది పంపు.

అక్క