మూడేళ్ల చేతికి పెన్సిల్ ఎందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. వేసవి సెలవులు ఇవ్వకముందే మా పట్టణంలో కరెంటు స్తంభాలకు ప్రైవేటు స్కూళ్ల ఫ్లెక్సీలు వేలాడుతున్నాయి. 'నర్సరీ, ఎల్‌కేజీ అడ్మిషన్లు జరుగుచున్నవి' అన్న లైను కింద కర్సివ్ రైటింగ్, అబాకస్, వీక్లీ టెస్టులు అని పెద్దక్షరాల్లో వేశారు. ఇదంతా మూడేళ్లు నిండిన పిల్లల కోసం! చాలాకాలం ఒకటో తరగతికి చెప్పి రిటైరైన ఎస్జీటీని (ప్రాథమిక బడి టీచరుని) కాబట్టి ఈ విషయం రాయకుండా ఉండలేకపోయాను.

ఒకటో తరగతిలో చేరే పిల్లల్లో ఒక రకం వాళ్లు ప్రతి టీచరుకూ తెలుసు. అఆలు గడగడా అప్పజెబుతారు, ఏబీసీడీలు రాస్తారు, వాళ్ల ఫోర్‌లైన్ కాపీ చూస్తే ముచ్చటేస్తుంది. బోర్డు మీద 'పలక' అని రాస్తే మాత్రం ప, ల, క అని విడివిడిగా చదివి ఆగిపోతారు. ఆ మూడూ కలిస్తే తమ ఒళ్లో ఉన్న వస్తువేనని తట్టదు. ఇంకో రకం పిల్లలు ఉంటారు. పెన్సిల్ సరిగా పట్టుకోవడం కూడా రాదు గానీ, 'పలకలో మొదటిది తీసేస్తే ఏం మిగిలింది?' అంటే 'లక' అని కిసుక్కున నవ్వుతారు. కాకి, కాలు, కారం అని మనం మొదలుపెడితే కాకరకాయ అని అందుకుంటారు. ఇంట్లో నాయనమ్మతో పొడుపు కథలు విప్పినవాళ్లు, నిన్న సంతలో ఏం చూశావో చెప్పమని అడిగే పెద్దవాళ్లు ఉన్నవాళ్లు వీళ్లు. దసరా సెలవుల నాటికి రెండో రకం పిల్లలే ముందుంటారు.

ఇందులో వింతేమీ లేదు. పిల్లలు అప్పటికే నోటితో అన్న మాటను, చెవితో విన్న మాటను అచ్చులో గుర్తుపడితేనే చదవడం వస్తుంది. తెలిసిన మాటలు తక్కువైతే గుర్తుపట్టడానికీ తక్కువే ఉంటుంది. పైగా మన లిపి సంగతి వేరు. 56 అక్షరాలతో పని అయిపోదు, గుణింతాలు, వొత్తులు చేరేసరికి పిల్లలు పోల్చుకోవాల్సిన రూపాలు వందల్లోకి పోతాయి. వాటి మీద పట్టు చిక్కేసరికి మూడో తరగతి, కొందరికి నాలుగో తరగతి వస్తుంది. 26 అక్షరాల ఇంగ్లిష్‌లాగే తెలుగునీ ఎల్‌కేజీలో 'కంప్లీట్' చేయాలని తొందరపడితే పిల్లలు అక్షరాన్ని ముగ్గు గీసినట్టు గీస్తారు, చదవరు. చేతి సంగతి కూడా చూడండి. మూడేళ్లకు మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు. ఆ వయసులో మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, ఇసుకలో వేలితో గీయడమే రాతకు సాధన. అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం మీద ఓం రాయించడం మంచి ముచ్చటే, ఎవరూ కాదనరు. మర్నాటి నుంచే రోజుకు రెండు పేజీల హోంవర్క్ అని దానికి అర్థం లేదు కదా.

ఇది నా సొంత అభిప్రాయం అనుకోకండి. ప్రీస్కూల్ పిల్లలకు రాత పరీక్ష గానీ మౌఖిక పరీక్ష గానీ పెట్టకూడదని బడి చదువుల మీద కేంద్రానికి సలహాలిచ్చే సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2019లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా పెట్టి, ఆటలతో, ఇంటి భాషతో నడపమంది. మరి వీక్లీ టెస్టు అని ఫ్లెక్సీ మీద అచ్చువేసుకునే ధైర్యం ఎక్కడి నుంచి వస్తోంది? అడిగేవాళ్లు లేకనే.

తల్లిదండ్రులను తప్పుపట్టలేను. కూలికి పోయే తల్లి కూడా అప్పు చేసి ఎల్‌కేజీ ఫీజు కడుతోంది. ఎందుకమ్మా, వీధి చివర అంగన్‌వాడీ ఉందిగా అంటే, 'అక్కడ గుడ్డు పెట్టి పడుకోబెడతారండీ, చదువెక్కడిది' అంటుంది. కొంత నిజం, కొంత అన్యాయం. అంగన్‌వాడీ టీచరు పొద్దున్నే పిల్లల హాజరు ఫోన్‌లో ఎక్కించాలి, బరువులు తూచాలి, గర్భిణులకు, బాలింతలకు సరుకులివ్వాలి, పోషణ్ ట్రాకర్ అనే కేంద్రం యాప్‌లో సరుకులు తీసుకునేవాళ్ల ముఖాలు ఫొటో తీయాలి. సిగ్నల్ లేకపోతే ఫోన్ పట్టుకుని వాకిట్లో నిలబడాలి. ఎన్నికలొస్తే చాలామందికి ఓటర్ల జాబితా చూసే బీఎల్‌వో డ్యూటీ కూడా. ఇన్నింటి మధ్య కథ చెప్పమంటే ఎప్పుడు చెబుతుంది? 2023 మేలో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణా, చదువూ) కార్యక్రమం మొదలుపెడుతూ మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు కనీసం రెండు గంటలు పూర్వ ప్రాథమిక విద్య అంది. ఆ రెండు గంటలు కాగితం మీద ఉన్నాయి. అంతకు ముందే 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సిబ్బంది గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము) కేసులో అంగన్‌వాడీలు విద్యాహక్కు చట్టం కింద పూర్వ ప్రాథమిక విద్య బాధ్యత కూడా మోస్తున్నాయని గుర్తించింది. అయినా గ్రాట్యుటీ, జీతాల కోసం ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. చదువు చెప్పే మనిషిని టీచరుగా చూడకుండా ఆమె నుంచి చదువు ఆశించడం ఏం న్యాయం?

ఇంకో మాట. అరకు, ఉట్నూరు, భద్రాచలం వైపు ఇంట్లో కువి, గోండి, కోయ మాట్లాడే పిల్లలకు తెలుగే కొత్త భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టాం. ఆ మంచి పని బడిలో మొదలైంది గానీ, పిల్లలు మాటలు పోగేసుకునే వయసులో ఉండేది అంగన్‌వాడీలో. అక్కడ వాళ్ల భాష మాట్లాడే ఆయా ఉంటే చాలు, సగం పని అవుతుంది.

పల్లె పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే సర్వే, 2024 అసర్ నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 27.1 శాతమే. 2026-27 నాటికి మూడో తరగతి పిల్లలంతా చదవగలగాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 'నిపుణ్ భారత్' గడువు పెట్టుకుంది. ఈ గడువు చూసి టెన్షన్ పడి రాతను ఇంకా కిందికి, నర్సరీలోకి దింపుతారేమోనని నా భయం.

రెండు రాష్ట్రాల స్త్రీ, శిశు సంక్షేమ శాఖలకు నా విన్నపం ఇది. పొద్దున పదింటి నుంచి పన్నెండింటి దాకా అంగన్‌వాడీ టీచర్ల నుంచి ఏ రిపోర్టూ, ఏ ఫొటో కూడా అడగబోమని ఒక సర్క్యులర్ ఇవ్వండి. దానికి పైసా ఖర్చు లేదు. వర్క్‌బుక్‌లు కొన్ని తగ్గించి, పెద్ద బొమ్మలున్న కథల పుస్తకాలు ప్రతి కేంద్రానికీ ఓ పాతిక ఇవ్వండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా అచ్చువేసుకునే హక్కుతోనే దొరుకుతున్నాయి. వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, చిరిగినా ఫర్వాలేదని పిల్లల చేతికివ్వమని కూడా ఆ సర్క్యులర్‌లోనే రాయండి. విద్యాశాఖ వారు బడులు తెరిచేలోపు మండల విద్యాధికారులను పంపి, ఏయే స్కూళ్లు ఎల్‌కేజీ పిల్లలకు పరీక్షల టైంటేబుల్ ఇస్తున్నాయో చూసి, ఆ జాబితా నోటీసు బోర్డులో పెట్టించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎస్జీటీ,
నరసరావుపేట