గొడవలు జరిగే చోట్ల జాబితా కార్పొరేషన్ దగ్గరా ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడలో గ్యాంగుల గొడవ జరిగిన ప్రతిసారీ మర్నాటి పత్రికల్లో వచ్చే వార్త దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. రౌడీషీటర్లకు కౌన్సెలింగ్, కొన్ని బైండోవర్లు (గొడవలకు పోనని రాయించుకునే పూచీకత్తు బాండ్లు), ఒకరిద్దరికి నగర బహిష్కరణ. అందులో నగరపాలక సంస్థ ఊసే ఉండదు. కొట్టుకున్న సందులో దీపం ఎన్నాళ్లుగా వెలగడం లేదో, పక్కన సగంలో ఆగిపోయిన అపార్ట్‌మెంటు ఎవరిదో తెలిసేది కార్పొరేషన్‌కే. ఎవరు ఎవరితో తిరుగుతున్నారో తెలిసేది పోలీసులకు. ఈ రెండు రికార్డులూ ఒకే బల్ల మీదికి రాకపోవడం గురించే ఈ ఉత్తరం.

2020 మే నెలాఖరులో, లాక్‌డౌన్ ఉండగానే, పటమటలో రెండు ముఠాలు కత్తులు, కర్రలతో తలపడి ఒకరు చనిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ తగాదాకు మూలం యనమలకుదురులో ఒక ఆస్తి సెటిల్‌మెంటు. అప్పటికి యనమలకుదురు పంచాయతీ, తర్వాత తాడిగడప మున్సిపాలిటీలో కలిసింది. అంటే పేచీ పుట్టిన స్థలం కాగితాలు ఒక స్థానిక సంస్థలో, కొట్లాట జరిగిన వీధి మరో స్థానిక సంస్థలో. ప్లాను, హద్దుల పేచీలు కార్యాలయాల్లో నెలల తరబడి నానితే ‘మేం తేలుస్తాం’ అంటూ మూడో మనిషి వస్తాడు. ఒకే స్థలం మీద రెండు వైపుల నుంచీ ఫిర్యాదులు వస్తే ఆ సంగతి అదే వారం స్టేషన్‌కు చేరాలి. టౌన్ ప్లానింగ్ వాళ్లు ‘ఇది సివిల్ తగాదా’ అని రాసి ఫైలు మూసేస్తారు, పోలీసులూ అదే మాట అంటారు. ఇద్దరూ చెప్పేది చట్టప్రకారం సరైనదే. సెటిల్‌మెంటు బ్యాచ్‌లకు బేరం దొరికేది మాత్రం సరిగ్గా అక్కడే.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. ఒక్కో పోలీస్ స్టేషన్ పరిధిలో వారానికొకసారి ముప్పావుగంట సమావేశం చాలు. సీఐ, వీధి దీపాలు చూసే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ), వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ కార్యదర్శి, విద్యా కార్యదర్శి, జనం మహిళా పోలీసు అని పిలిచే మహిళా సంరక్షణ కార్యదర్శి, శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఎక్సైజ్ ఎస్ఐ ఉండాలి. గొడవలు జరిగే చోట్ల జాబితా ఒకటి అక్కడే తయారవ్వాలి, అందులో పది చోట్లకు మించకూడదు. ఒక్కో చోటుకు నాలుగే గడులు: ఎక్కడ, ఏ వేళల్లో, ఎందుకు అక్కడే, ఎవరు ఏ తేదీలోగా ఏం చేయాలి. పని పూర్తయిందని రాయాలంటే రాత్రి పూట వెళ్లి చూసి ఉండాలి. పగలు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘పూర్తి’ అనడం వల్లే ఇలాంటి ప్రయత్నాలు మూడో వారానికి నీరుగారిపోతాయి. ఇంకో చిక్కు హద్దులది. నగరంలో డివిజన్లు 64, పోలీస్ స్టేషన్ల హద్దులు వాటితో కలవవు. ఒక్కో డివిజన్ రెండు స్టేషన్ల కిందికి వస్తే ఏఈ రెండు చోట్లకూ వెళ్లడు. అందుకని స్టేషన్ హద్దునే ప్రమాణంగా తీసుకుని, ఏ స్తంభం ఎవరి కిందో ముందే పంచుకోవాలి.

ఈ పది చోట్లూ ఎఫ్ఐఆర్‌ల నుంచి మాత్రమే తీస్తే జాబితా తప్పుగా వస్తుంది. బ్లేడుతో కోసినా, సీసాతో కొట్టినా చాలామంది ఫిర్యాదు ఇవ్వరు. భయం ఒక కారణం, ‘మేమే చూసుకుంటాం’ అన్న పంతం మరో కారణం. ఆ పంతమే వారం తర్వాత ఎదురుదాడి అవుతుంది. వాళ్లు కుట్లు వేయించుకోవడానికి క్యాజువాలిటీకి మాత్రం వస్తారు, బండి మీంచి పడ్డామని చెబుతారు. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపాల్సిన గాయంగా రాస్తే ఆస్పత్రిలోని పోలీసు ఔట్‌పోస్టుకు, అక్కడి నుంచి స్టేషన్‌కు కబురు వెళ్తుంది. కానీ అది ఒక్కో మనిషి కేసుగా వెళ్తుంది కాబట్టి, ఒకే కాలువ గట్టు నుంచి నెలలో ఐదుగురు వచ్చారన్న సంగతి ఎవరి కంటా పడదు.

బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరం ఈ లోపాన్ని సరిదిద్దుకుంది. జోనాథన్ షెపర్డ్ అనే ముఖ శస్త్రవైద్యుడు తన దగ్గరికి దెబ్బలతో వచ్చేవారిలో చాలామంది పోలీసు లెక్కల్లోనే లేరని గమనించారు. ఆస్పత్రి రిసెప్షన్‌లో అడిగేవి కొద్ది ప్రశ్నలే: ఎక్కడ, ఎప్పుడు, దేనితో, ఎంతమంది. పేరూ ఊరూ తీసేసి ఆ వివరాలను పోలీసులకు, నగరపాలక సంస్థకు ఇచ్చారు. దాన్నిబట్టి గస్తీ దారులు మార్చారు, బార్లలో కొట్లాటప్పుడు ఆయుధాలయ్యే గాజు గ్లాసుల గురించీ ఆలోచించారు. 2011లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, అలాంటి మరికొన్ని నగరాలతో పోలిస్తే అక్కడ దాడుల వల్ల ఆస్పత్రిలో చేరడం 42 శాతం తగ్గింది. మన ప్రభుత్వాస్పత్రి ఓపీ చీటీలో ‘ఘటనా స్థలం’ అని ఒక గడి చేర్చి, ‘విజయవాడ’ అని కాకుండా దగ్గరి గుడి, బడి, దుకాణం పేరు రాయిస్తే చాలు, పని మొదలవుతుంది.

చోటు తెలిశాక దీపాల సంగతి. ఎల్ఈడీ దీపం ఆరిపోతే తరచూ పాడయ్యేది బల్బు కాదు, దానికి కరెంటు సర్దే లోపలి డ్రైవర్, లేకపోతే వీధి మొత్తానికీ ఉండే ప్యానెల్ బాక్సులో టైమర్. ఒక్క స్తంభమే ఆరితే డ్రైవర్, వరుసంతా ఆరితే ప్యానెల్. ఫిర్యాదులో ఈ తేడా రాస్తే లైన్‌మన్ రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ గట్ల మీద ఇంకో లోపం ఉంది: దీపాలన్నీ రోడ్డు వైపే చూస్తాయి, గట్టు దిగువ మెట్లు చీకట్లోనే ఉంటాయి. కొత్త స్తంభం అక్కర్లేదు, ఉన్న స్తంభానికే వెనక వైపు ఇంకో చెయ్యి బిగించి, అడ్డొచ్చే కొమ్మలు కొట్టిస్తే సరిపోతుంది.

వెలుతురు లేనిచోట కెమెరా పెట్టడం దండగ. బండి హెడ్‌లైటు ఎదురుగా పడితే తెల్లటి మచ్చ తప్ప ముఖం రాదు. ఒకేసారి వంద మంది గానీ రోజుకు 500 మంది గానీ వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి రికార్డింగును 30 రోజులు దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతోంది. ఆచరణలో డిస్కు చిన్నదైతే పాతది ముందే చెరిగిపోతుంది. రికార్డింగు పెట్టె (డీవీఆర్) గడియారం అరగంట వెనకో ముందో నడుస్తుంటే కోర్టులో డిఫెన్స్ లాయరుకు అదొక్కటే చాలు. ఇలాంటి రికార్డింగును కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో పరికరం చూసుకునే వ్యక్తి ఒక భాగం, నిపుణుడు మరో భాగం నింపి, ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి. ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ కార్పొరేషన్ చేతిలోనే ఉంది. ఆ సమయంలో డిస్కు, గడియారం రెండూ చూస్తే పోలీసులకు సగం శ్రమ తగ్గుతుంది.

కొండ ప్రాంతాలది వేరే కథ. చిట్టినగర్, గుణదల, మొగల్రాజపురం కొండల మీద గస్తీ బండి మెట్ల దగ్గరే ఆగిపోతుంది. 112కు ఫోన్ చేసినవారు ‘కొండ మీద, మూడో మలుపు’ అంటారు. ఏ మెట్లదారిలో మూడో మలుపో కంట్రోల్ రూమ్‌కు తెలియదు. ప్రతి స్తంభానికీ నంబరు, దాని కింద 112 అని పెయింటుతో రాయించి, ఆ నంబర్లకు అక్షాంశ రేఖాంశాలు కలిపి కంట్రోల్ రూమ్‌కు ఇవ్వాలి. దీనికి టెండరు కూడా అక్కర్లేదు, స్టెన్సిలు, పెయింటు డబ్బా ఉంటే చాలు.

రాత్రి పూట నూడుల్స్ బండ్ల విషయంలో మాత్రం పోలీసుల తీరు మారాలి. పదిన్నరకు బండ్లన్నిటినీ తరిమేస్తే వీధి ఖాళీ అవుతుంది, మిగిలేది తాగినవాళ్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద ఏర్పడే టౌన్ వెండింగ్ కమిటీకి మున్సిపల్ కమిషనర్ అధ్యక్షులు, పోలీసులు అందులో ఉంటారు, వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గరు. పోలీసులూ పురపాలకులూ కలిసి కూర్చోవడానికి చట్టం ముందే వేసిపెట్టిన కుర్చీలు ఇవి. చీకటి మలుపు దగ్గర రెండు బండ్లకు అనుమతిచ్చి, వాటి వేళలు ఖరారు చేయడం ఈ కమిటీ పనే.

ఇక మనుషుల సంగతి. ఆదివారం కౌన్సెలింగ్ పేరుతో స్టేషన్ పరిధిలోని రౌడీషీటర్లందరినీ ఒకే వరుసలో నిలబెడితే, అప్పటివరకూ ముఖపరిచయం లేనివాళ్లకు పరిచయాలు కుదురుతాయి. విడివిడిగా, వేర్వేరు వేళల్లో పిలవాలి. బైండోవర్‌లోనూ పొరపాట్లున్నాయి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 126 సెక్షన్ కింద పూచీకత్తు గడువు ఏడాది వరకూ, అలవాటుగా నేరాలు చేసేవారి మీద 129 కింద మూడేళ్ల వరకూ ఉండొచ్చు. బాండు రాయించడం దాకా హడావిడి, తర్వాత అదే మనిషి కొత్త కేసులో దొరికినా పాత బాండు ఉల్లంఘన గురించి మెజిస్ట్రేటుకు రాయడం మర్చిపోతారు. ఇక పదిహేను, పదహారేళ్ల పిల్లలకు ఈ మార్గాలు తగవు. బడి మానేసిన పిల్లల పేర్లు సచివాలయంలో విద్యా కార్యదర్శి దగ్గర ఉంటాయి, బాలల సంక్షేమ పోలీసు అధికారి స్టేషన్‌లో ఉంటారు. వాళ్లిద్దరూ నెలకోసారైనా మాట్లాడుకోవాలి, పొదుపు సంఘంలో ఉన్న తల్లిని, పట్టణాల్లో ఆ సంఘాలను చూసే మెప్మా సిబ్బంది ద్వారా కలవాలి.

ఒక హెచ్చరిక. చోట్ల జాబితా ప్రజాప్రతినిధులకు చూపించొచ్చు, చూపించాలి కూడా. మనుషుల జాబితా మాత్రం వాళ్ల ముందుకు రాకూడదు. నాయకుల అండతో గ్యాంగులు పెరిగిన కాలాన్ని, 1988లో వంగవీటి మోహనరంగా హత్య తర్వాత కర్ఫ్యూలో గడిపిన రోజుల్ని చూసిన ఊరిది. పేర్లు బల్ల మీదికి వస్తే సిఫార్సులూ వెంటే వస్తాయి. అలాగే సహకారమంటే నిందితుడి ఇంటి మీదికి జేసీబీ పంపడమని అనుకోవద్దు. ముందస్తు నోటీసు, 15 రోజుల గడువు లేకుండా కూల్చకూడదని, నిందితుడన్న కారణంతో అసలే కూల్చకూడదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

ముందుగా ఒక్క స్టేషన్ పరిధిలో మూడు నెలలు చేసి చూడమని మున్సిపల్, పోలీసు కమిషనర్లిద్దరినీ కోరుతున్నాం. ఫలితాన్ని ఎఫ్ఐఆర్‌ల సంఖ్యతో కొలవొద్దు, జనానికి నమ్మకం కుదిరితే ఫిర్యాదులు మొదట్లో పెరుగుతాయి. ఆ పది చోట్ల నుంచి క్యాజువాలిటీకి వచ్చిన కోతలు, పగుళ్లు ఎన్నో లెక్కపెట్టాలి. గొడవ పక్క వీధికి మారిందేమో తెలియాలంటే చుట్టుపక్కల వీధుల లెక్క కూడా అదే కాగితంలో ఉండాలి.

– పురపాలక, పోలీసు శాఖల విశ్రాంత ఉద్యోగులిద్దరు,
విజయవాడ