నీ చెయ్యి ఎలా ఉందో రాయి

తిరుపతి,
కొర్లగుంట.

చిరంజీవి మురళికి నాయన ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేసి ఇరవై రెండు రోజులైంది. పనిలో ఉంటావు, నాకు తెలుసు. ఈ ఉత్తరం దాని గురించి కాదు. మొన్న సుగుణత్త చెన్నై నుంచి వచ్చి, నీ కుడి మణికట్టుకు బ్యాండేజీ చుట్టి ఉందనీ, గదిలో డ్రమ్ సెట్టు కనిపించలేదనీ చెప్పింది. ఆమె ఒకటికి రెండు కలిపి చెప్తుందిలే అని నేను ఊరుకున్నాను. మీ అమ్మే రెండు రోజులుగా సరిగా తినడం లేదు.

నువ్వు పంపిన పాట విన్నాను. కింది వాటా చరణ్ తన కంప్యూటర్‌లో పెట్టి, డ్రమ్స్ నువ్వు వాయించినవి కావు, మిడిలో రాసినవని చెప్పాడు. మిడి అంటే ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత గట్టిగా పడాలో కంప్యూటర్‌కు నంబర్లతో చెప్పే పద్ధతట. ఆ ఫైలు కూడా తెరిచి చూపించాడు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము కిక్కుకు 36, కర్రతో కొట్టే చిన్న డ్రమ్ము స్నేర్‌కు 38, జంట రేకుల హై-హ్యాట్ మూసి కొడితే 42 అని నంబర్లు. ఒక్కో దెబ్బ బలం 1 నుంచి 127 దాకా. ఈ మిడి 1983లో వచ్చిందట. అప్పుడు నేను పెళ్లిమేళాలకు తిరుగుతున్నాను.

నీ హై-హ్యాట్ దెబ్బలన్నీ 100 దగ్గరే వరసగా నిలబడి ఉన్నాయి. చెయ్యి అలా కొట్టదు నాయనా. తాళం మీద పడే దెబ్బ 100 అయితే, మధ్యలోది 70కి దిగాలి. స్నేర్ మీద వినీ వినపడకుండా పడే చిన్న దెబ్బలు 30, 40లో ఉంటే చాలు. సుపీరియర్ డ్రమ్మర్, అడిక్టివ్ డ్రమ్స్ లాంటి డ్రమ్స్ సాఫ్ట్‌వేర్లలో ఒకే స్నేర్‌ను మెల్లగా, గట్టిగా ఎన్నోసార్లు కొట్టించి రికార్డు చేసి పెట్టారట. నువ్వు అన్నిటికీ ఒకే బలం ఇస్తే, ఆ మెత్తటి దెబ్బలన్నీ లోపలే ఉండిపోతాయి కదా. ఇంకోటి. చరణం ఎత్తుకునే చోట క్రాష్ అనే పెద్ద రేకు, స్నేర్, హై-హ్యాట్ మూడూ ఒక్కసారే పడ్డాయి. ఆ మూడో చెయ్యి ఎవరిది?

మనిషి వాయించినట్టు చెయ్యడానికి హ్యూమనైజ్ అని ఒక బటన్ ఉంది, చరణ్ నొక్కి చూపించాడు. దెబ్బల్ని అటూ ఇటూ చెదరగొట్టింది. నాకు నచ్చలేదు. మనిషి తడబాటుకు ఒక కారణం ఉంటుంది. వరస మార్చే ముందు వేసే చిన్న ముక్క, ఆ ఫిల్ అందుకునేటప్పుడు చెయ్యి తొందరపడుతుంది, అలిసిపోతే వెనకబడుతుంది, నొప్పి ఉంటే ఆ దెబ్బ ఒక్కటే పలచబడుతుంది.

పాకాల పెళ్లి సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. నువ్వు పుట్టకముందు మాట. రాత్రి లారీ దిగుతూ డోలు కింద పడకుండా పట్టుకోబోయి ఎడమ చేతి మీద పడ్డాను. మణికట్టు కందగడ్డలా వాచింది. ముహూర్తం తెల్లవారుజామున. ఎవరికీ చెప్పకుండా తుండుగుడ్డ చుట్టుకుని కూర్చున్నాను. కట్టె పట్టేది ఆ చెయ్యే కదా. మామూలు కీర్తనలప్పుడు బరువంతా కుడి వేళ్ల మీద వేసి నెట్టుకొచ్చాను. గట్టిమేళం రాగానే దొరికిపోయాను. మూడు ముళ్లు పడుతుంటే నాదస్వరం పెద్దాయన వాయిస్తూనే తల తిప్పి నన్ను చూశాడు. తలంబ్రాలు కూడా అవ్వకముందే వచ్చి, "ఎడమ చెయ్యి ఏమైంది?" అన్నాడు. ఆయన గుడ్డ చూడలేదు, వాపు చూడలేదు. ఆ పొద్దున్నే ఆయనే బస్సెక్కించి పుత్తూరు తీసుకెళ్లాడు. ఆకు పసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. నలభై రోజులు కట్టె ముట్టుకోలేదు. ఆ నెలలో మీ తాతే ఇల్లు గడిపాడు.

నీ పాట ఆరుసార్లు విన్నాను. నీ చెయ్యి ఎలా ఉందో నాకు అందులో తెలియలేదు. అందుకే అడుగుతున్నాను.

సెట్టు అమ్మేశావా? అమ్మినా ఏమీ అనను. కంప్యూటర్‌లో డ్రమ్స్ రాయడం తక్కువ పనని కూడా అనను. చరణ్ దగ్గర రెండు సాయంత్రాలు కూర్చున్నాక అందులో ఎంత ఓర్పు కావాలో నాకు తెలిసింది. కానీ రాత్రంతా మౌసుతో ఒక్కో దెబ్బా పెట్టడం కూడా మణికట్టు పనే. కుర్చీ ఎత్తు చూసుకో. గంటకోసారి లేచి నడువు. ఆ క్యాంటీన్ పరోటాలు మానెయ్. మీ అమ్మ రాగిపిండి, నువ్వుల నూనె సర్దింది. నూనె గోరువెచ్చగా చేసి రాసుకో, వాపు ఉంటే మాత్రం ఊరికే రుద్దొద్దు, ముందు డాక్టరుకు చూపించు. పుత్తూరు వెళ్దామంటే శనివారం నేను రేణిగుంట స్టేషన్‌కు వచ్చి నిలబడతాను.

చిన్న ప్యాడ్లు ఉంటాయట, వేళ్లతో తట్టితే ఆ బలమే నేరుగా కంప్యూటర్‌లో పడుతుందట. ఎడమ చేత్తోనే ఒక్క నిమిషం తట్టి, ఏదీ సరిచెయ్యకుండా చరణ్‌కు పంపు. నొప్పి తగ్గాక కుడి చేత్తోనూ ఒకటి పంపు. నేను విని చూస్తాను.

మీ నాయన