మా పెదనాన్నగారి మగ్గం, మా పెద్దమ్మ కండెలు

సంపాదకులకు నమస్కారం.

అమలాపురాన్ని ఆనుకుని ఉన్న బండారులంకలో దాదాపు అరవై ఏళ్ళపాటు నూలు చీరలు నేసిన మా పెదనాన్నగారు గత నెలలో కాలం చేశారు. ‘చేనేత కార్మికుడి మృతి’ అన్న శీర్షికతో మీ జిల్లా పుటలో ఆ వార్త రెండు పంక్తులలో వచ్చింది. ప్రచురించినందుకు మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞులం. అయితే ఆయన ఏమి నేశారో, ఎవరితో కలిసి నేశారో అందులో లేదు. ఆయన విషయంలో పనిని సంసారం నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు కనుకనే ఈ ఉత్తరం రాస్తున్నాను. “పేర్లెందుకమ్మా, పని గురించి రాయి” అని మా పెద్దమ్మ అన్నది కాబట్టి పేర్లు రాయడం లేదు.

మగ్గం ఎరుగని పాఠకుల కోసం ముందుగా కొంత చెప్పాలి. నూలు చిలపలుగా వస్తుంది. ఒక్కో చిలపలో 840 గజాల దారం ఉంటుంది. పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే ఆ నూలు అన్నో నంబరు. పెదనాన్నగారు ఎక్కువగా 80, 100 నంబర్ల నూలుతో నేసేవారు. రాట్నం మీద కండెలు (అడ్డపోగు దారం చుట్టే చిన్న గొట్టాలు) చుట్టాలి, ఆసు పోయాలి, అంటే పడుగుకు దారం సిద్ధం చేయాలి, ఎండ ముదరకముందే పడుగును, అంటే బట్టలోని నిలువు పోగులను, వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించి కుంచెతో దువ్వి సరి చేయాలి, ఆ తరువాత పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. 48 అంగుళాల పన్నాకు (బట్ట వెడల్పుకు) ఆ పోగులు మూడు వేలకు పైమాటే. ఇంత జరిగితేగాని నేసే మనిషి మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోలేడు. ఈ పనుల్లో సగానికి మించి మా పెద్దమ్మ చేతుల మీదుగానే సాగేవి.

ఆ సంగతి పెదనాన్నగారు ఎన్నడూ మరుగున పెట్టలేదు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన కోసం వివరాలు రాసుకోవడానికి వచ్చినవారు ఈ ఇంట్లో నేతగాడు ఎవరని అడిగితే, “ఇద్దరం. ఆవిడ కండె చుట్టకపోతే నా నాడెలో ఏముంటుంది?” అని ఆయన బదులు చెప్పారు. నాడె అంటే కండెను పెట్టుకుని పడుగులో అటూ ఇటూ తిరిగే సాధనం. ఆ గణనలో దేశమంతటా తేలిన 35 లక్షల 22 వేల పైచిలుకు చేనేత పనివారిలో 70 శాతానికి పైగా ఆడవారే. ఆ అంకె నేను చదివి వినిపించినప్పుడు ఆయన ఆశ్చర్యపోలేదు. ఏ వీధిలోకి వెళ్ళి చూసినా తెలిసే సంగతే కదా అన్నారు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడినప్పుడు, కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా కూలుతుండగా, ఆయన మొదట మా నాయనమ్మను, పిల్లలను పక్క వీధిలోని డాబా ఇంటికి చేర్చారు. తిరిగి వచ్చి మగ్గానికున్న అచ్చును (పడుగు పోగులను సర్ది నిలిపే దువ్వెన వంటి పలకను) ఊడదీసి, తడవకుండా దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని వెళ్ళారు. తెల్లవారేసరికి గుంట నిండా నీళ్ళు, ఇంటిపైన కప్పు లేదు. మా నేలలో మామూలు వానాకాలంలోనే గుంటలోకి నీరు ఊరుతుంది. వేసవిలో అదే గుంట చెమ్మ లేకపోతే పోగులు పెళుసెక్కి తెగుతాయి. అందుకే గుంటను పూడ్చి మరో రకం మగ్గం పెట్టుకోమని ఎవరెంత చెప్పినా ఆయన వినలేదు. నీళ్ళు తోడి, మట్టి మెత్తి, ఆ గుంటలోనే మళ్ళీ నేత మొదలుపెట్టారు.

ఆ తరువాతి సంవత్సరాలలో మా వైపు నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు చాలామంది. ఆయనకూ పిలుపు వచ్చింది. అప్పులూ ఉన్నాయి. అయినా వెళ్ళలేదు. పిల్లలు అన్నం తినేవేళ ఇంట్లో లేకపోతే ఆ సంపాదన ఎవరి కోసమని అన్నారు. అందువల్ల అప్పు తీరడం చాలా ఆలస్యమైంది, ఆ కష్టం మా పెద్దమ్మ కూడా మోసింది. మజూరీ చేతికి రాగానే లెక్క చూడకుండా ఆవిడకే ఇచ్చేవారు. ద్వారపూడి బట్టల సంతకు వెళ్ళిన రోజున మాత్రం అందులోంచి కొంత మినహాయించుకుని తాపేశ్వరం కాజాలు తెచ్చేవారు. అవి మా ఇంటికీ వాటా వచ్చేవి. కూతుళ్ళిద్దరినీ కాలేజీ దాకా చదివించారు. పెళ్ళిళ్ళకు కట్టిన చీరలు ఆయన నేసినవే, వాటికి కండెలు చుట్టింది పెద్దమ్మే. నా పెళ్ళికి ఇచ్చిన గంధం రంగు చీర నా దగ్గర ఉంది.

మరమగ్గం మీద నేసిన చీరను చేనేత అని అమ్మితే ఆయనకు పట్టరాని కోపం వచ్చేది. కొన్ని రకాలను చేతిమగ్గాలకే ప్రత్యేకిస్తూ 1985లో చట్టం వచ్చింది. మొదట 22గా ఉన్న ఆ రకాలను తరువాత 11కు కుదించారు. మిగిలిన ఆ కాస్త రక్షణ కూడా అంగడిలో కనబడదని ఆయన బాధ. నేసేటప్పుడు పన్నా ముడుచుకోకుండా రెండు అంచులనూ బిగబట్టే కర్ర చివరలలో సూదులు ఉంటాయి, వాటి సన్నని గుర్తులు చేనేత చీర అంచు పొడవునా కనబడతాయి. కొనేవారు ముందు ఆ గుర్తులు వెతకాలని బంధువులందరికీ నేర్పారు. పాఠకులూ గమనించగలరు.

1905 స్వదేశీ ఉద్యమ స్మరణగా 2015 నుంచి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజున పత్రికలు మగ్గాల ఫొటోలు, నాయకుల ప్రసంగాలు వేస్తాయి. అవి వద్దని నేను అనను. కానీ మోరి, అంగర, పులుగుర్త, బండారులంక వంటి ఊళ్ళలో ముసలి నేతగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అటువంటి వార్త వచ్చినప్పుడు మీ విలేకరులు ఇంటివారిని అడిగి, ఆ మనిషి ఏ రకం నేసేవారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, కండె చుట్టి ఆసు పోసి తోడు నిలిచినది ఎవరో రాయవలసిందిగా కోరుతున్నాను. మరో నాలుగు పంక్తుల చోటు సరిపోతుంది. ఆ ఇళ్ళలో ఇప్పటికీ రాట్నం తిప్పుతున్న మా పెద్దమ్మ వంటివారు వాటిని చదువుకుంటారు.

ఇట్లు,
ఒక నేత కుటుంబపు ఆడపడుచు,
అమలాపురం