వీడియో గేములకూ సమీక్ష కావాలి

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

మన పత్రికల్లో వీడియో గేముల ప్రస్తావన వచ్చిందంటే అది చదువు పాడుచేసుకున్న పిల్లవాడి సంగతో, పందెం యాప్‌లో డబ్బు పోగొట్టుకున్న కుటుంబం గోడో అయి ఉంటుంది. ఆ వార్తలు రావలసినవే. డబ్బు పందేలతో నడిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసిందంటే ఆ బాధ ఎన్ని ఇళ్లకు పాకిందో ఊహించవచ్చు. అయితే అలాంటి ఆటకూ, ఒకసారి వెల చెల్లించి కొనుక్కుని, పందెం ఊసు లేకుండా మొదటి నుంచి చివరిదాకా ఒక కథగా ఆడుకునే ఆటకూ ఉన్న తేడాను పాఠకులకు విడమరిచి చెప్పేవారు కనబడడం లేదు. విడుదలైన ప్రతి సినిమాకూ మంచిచెడ్డలు తూచి సమీక్ష రాసే మీరు గేములకూ ఆ పని చేయాలని కోరుతున్నాను. అలా తూచదగినదని నేను నమ్మే ఒక గేము గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

దాని పేరు ‘బాస్టియన్’. అమెరికాలో సూపర్‌జెయంట్ గేమ్స్ అనే చిన్న సంస్థ దీన్ని తయారుచేసి 2011 జులైలో విడుదల చేసింది. పెద్ద కంపెనీ ఉద్యోగం వదులుకున్న అమీర్ రావు, గావిన్ సైమన్ శాన్ హొసేలోని ఒక ఇంట్లో కూర్చుని దీన్ని మొదలుపెట్టారు. పూర్తయ్యేనాటికి కూడా బృందం ఏడుగురే. యాక్షన్ రోల్ ప్లేయింగ్ తరహా ఆట ఇది. అంటే కథానాయకుణ్ణి మనమే నడిపిస్తాం, శత్రువులతో పోరాడతాం, పోరాడినకొద్దీ అతని బలమూ ఆయుధాలూ పెరుగుతాయి. ఈ తరహా ఆటలు కొల్లలుగా ఉన్నాయి. దీన్ని వాటి నుంచి వేరుచేసేది ఒక ముసలి కథకుడి గొంతు.

మహావిపత్తులో నాశనమైన ఒక నగరంలో, గాలిలో తేలుతున్న రాతిముక్క మీద కుర్రవాడొకడు పడుకుని ఉంటాడు. మనం మీట కదిపేదాకా అతను లేవడు. కదపగానే లేస్తాడు, లేచాడని కథకుడు చెబుతాడు. అడుగు వేస్తే ఎదుట ఏమీ లేనిచోట రాళ్లు పైకి లేచి కాలికింద బాటగా అమరుతాయి, ఆ సంగతీ కథకుడు చెబుతాడు. అంచు దాటి కింద పడితే, కుర్రవాడు చచ్చిపోయాడని చెప్పి, వెంటనే ఊరికే అన్నానులే అంటాడు. పనిలేకుండా కుండలూ పెట్టెలూ పగలగొడుతూ ఉంటే దానికీ ఒక మాట ఉంటుంది. ఇలా సుమారు మూడు వేల పలుకులను లోగన్ కన్నింగ్‌హామ్ అనే నటుడు చదవగా, సంగీత దర్శకుడు డారెన్ కోర్బ్ తన అపార్ట్‌మెంటులో బట్టలు పెట్టుకునే చిన్న గదిలో రికార్డు చేశారు. మన ఉత్తరాంధ్రలో జముకుల కథ విన్నవారికి ఇది తేలికగా అర్థమవుతుంది: కథకుడి మాటకు జముకు వాద్యం బదులు పలికినట్లు, ఇక్కడ ఆడేవాడి చేతికి కథకుడు బదులు పలుకుతాడు. పోరాటం ఆపి తెరమీద పేరాలకు పేరాలు చదివించే ఆటలతో విసిగిన నాకు ఇది చాలా గొప్ప ఉపాయంగా తోచింది. కథ కోసం ఆట ఆగదు.

అంతకన్నా గొప్ప సంగతి, ఆ గొంతును పూర్తిగా నమ్మకూడదని మనకు మెల్లగా తెలియడం. నగర వీధుల్లో మనుషులు బూడిద బొమ్మలై నిలబడి ఉంటారు. వారి గురించి కథకుడు ఆప్యాయంగా చెబుతుంటాడు. ఆ విపత్తు మాత్రం తన నగరమే పొరుగు జాతివారిని తుడిచిపెట్టడానికి తయారుచేసుకున్న ఆయుధం ఎదురుతిరగడం వల్ల వచ్చిందన్న నిజం చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఆ నిజం తెలిసిన జుల్ఫ్ అనే పొరుగు జాతి యువకుడు మనకు శత్రువవుతాడు. చివరి ఘట్టంలో అతణ్ణి సొంత జాతివారే కొట్టి పడేసి ఉంటారు. వదిలేసి వెళ్లవచ్చు, ఎత్తుకుని వెళ్లవచ్చు. ఎత్తుకోవాలంటే చేతిలో ఉన్న భారీ ఆయుధాన్ని అక్కడే వదిలేయాలి, తిరిగి కొట్టే దారి ఉండదు. బాణాలు తగులుతుండగా అడుగులో అడుగు వేసుకుంటూ నడవాలి. కొంత దూరం పోయాక బాణాలు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. మా తమ్ముడి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు; బొబ్బిలిలో మా ఇంట్లో ఆ ఘట్టం ఆడుతూ, మీట మీద వేలు తీయకుండానే “పెదనాన్నా, నేనేం చెయ్యలేదు, వాళ్లే ఆపేశారు” అన్నాడు. అప్పటిదాకా వందలమందిని కొట్టిన చేతికి కొట్టకపోవడమూ ఒక పనేనని ఈ ఆట తెలియజేసింది. సినిమాలో ఇదే దృశ్యం చూస్తే కన్నీళ్లు రావచ్చు, కానీ ఆ నిర్ణయం మనది కాదు.

లోపాలూ చెప్పాలి. పోరాటాలు మధ్యలో ఒకేరకంగా సాగుతాయి. ఏటవాలు కోణంలో చూపించే దృశ్యంలో నేల అంచు ఎక్కడుందో తెలియక అనవసరంగా పడిపోతుంటాం. రెండోసారి ఆడితే కథకుడి మాటలు చాలావరకు అవే వినిపిస్తాయి. నిజమైన ఎంపికలు చివర రెండే ఉండడం, రోల్ ప్లేయింగ్ అని పిలిచే ఆటకు తక్కువే. కుర్రవాడి బలం పెరగడానికి ఒక్కో స్థాయికి ఒక్కో మత్తుపానీయం ఎంచుకునే ఏర్పాటు ఉంది. ఉపాధ్యాయుడిగా నాకది నచ్చలేదు, చిన్నపిల్లల తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి. పైగా ఆ కథకుడిది జీర పలికే అమెరికా ఇంగ్లిషు. తెరమీద అక్షరాలు వచ్చినా, పోరాటం మధ్యలో వాటిని చదవడం మన జిల్లా పిల్లలకు కష్టం. తెలుగులో ఇలాంటి గొంతుతో ఒక ఆట వస్తే ఎంత బాగుంటుందో అని ఆడుతున్నంతసేపూ అనిపించింది.

ఇన్ని చెప్పినా, ఆరేడు గంటల్లో ముగిసే ఈ గేమును నేను నిస్సంకోచంగా మెచ్చుకుంటున్నాను. మీ ఆదివారం అనుబంధంలో నెలకొక గేముకైనా అర పేజీ కేటాయించండి. ఏ వయసువారికి తగినది, వెల ఎంత, కొన్న తరువాత మళ్లీ డబ్బు అడుగుతుందా అన్నవి తల్లిదండ్రులకు కావాలి; ఆడేవాడి చేత అది ఏం చేయిస్తుంది, ఎందుకు చేయిస్తుంది అన్నది సమీక్షకులు రాయాలి. రాయగల యువకులు విజయనగరం, శ్రీకాకుళం కళాశాలల్లోనే ఉన్నారు, వారిని అడగండి.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా.