సత్యోపదేశ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సంఘ సభ్యులకు, విచారణ (చర్చి పరిధి) గురువులు ఫాదర్ గారికి, సిస్టర్లకు, ఊళ్ల ఉపదేశులకు వందనాలు.

2024 జూన్ నుంచి 2025 మే వరకు శ్రీకాకుళంలో, మన విచారణ కింద ఉన్న ఊళ్లలో పిల్లలకు కతోలిక విశ్వాస పాఠాలు చెప్పే మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చులు కోశాధికారి గారు విడి కాగితం మీద ఇచ్చారు. క్రిస్మస్ నాటిక, పాటల పోటీ, వేసవి శిబిరం ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు గ్రూపులో అందరూ చూసినవే కాబట్టి వాటి గురించి ఇంతకంటే రాయను. ఈసారి కొత్తగా చేసింది పిల్లలకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) పాఠం చెప్పే పద్ధతి మార్చడం. నివేదికలో ఎక్కువ చోటు దానికే పోయింది.

జ్ఞానస్నానం అంటే ఏమిటని అడిగితే మన పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. జన్మపాపం పోతుంది, దేవుని బిడ్డలమవుతాం, శ్రీసభలో (కతోలిక చర్చిలో) చేరతాం. మూడూ సరైన జవాబులే. "మరి నీకెప్పుడు ఇచ్చారు? ఎక్కడ? నీ జ్ఞానతల్లి ఎవరు?" అంటే మాత్రం నీళ్లు నమిలారు. (జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి అంటే జ్ఞానస్నానంలో బిడ్డ పక్కన నిలబడి, విశ్వాసంలో తోడుంటామని మాటిచ్చేవాళ్లు.) అందుకని ముందు ప్రతి పిల్లాడికీ తన జ్ఞానస్నానం సంగతి తెలియాలి, పుస్తకంలో నిర్వచనం తర్వాత అని కమిటీ తీర్మానించింది. క్విజ్ పోటీల్లో వెనకబడతామని ఒకరిద్దరు సభ్యులు అన్నారు. ఆ భయం నిజమే కావచ్చు. బహుమతులు తగ్గితే తగ్గనీ అన్నది ఈ రాస్తున్నవాడి అభిప్రాయం, కమిటీలో ఎక్కువమందిదీ అదే.

ఈ దారి చూపింది పోప్ ఫ్రాన్సిస్. 2014 జనవరి 8న రోములో, బుధవారం సభలో, మీలో ఎంతమందికి మీ జ్ఞానస్నానం తేదీ తెలుసని ఆయన జనాన్ని అడిగారు. తెలియనివాళ్లు ఇంటికెళ్లి కనుక్కోమని హోంవర్క్ ఇచ్చారు. మేం అదే హోంవర్క్ మన పిల్లలకు ఇచ్చాం. 2025లో ఈస్టర్ మర్నాడే, ఏప్రిల్ 21న, ఆయన కన్నుమూశారు. ఆ తర్వాతి ఆదివారం తరగతిలో, ఈ హోంవర్క్ మొదట ఇచ్చింది ఆయనేనని పిల్లలకు గుర్తుచేశాం.

తేదీ కనుక్కోవడం తేలికనుకున్నాం గానీ పెద్ద పనే అయింది. ప్రతి విచారణలో జ్ఞానస్నాన రిజిస్టర్ ఉండాలన్నది శ్రీసభ చట్టం. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, జ్ఞానతల్లి లేదా జ్ఞానతండ్రి, ఇచ్చిన గురువు, చోటు, తేదీ అన్నీ అందులో ఎక్కుతాయి. తర్వాత భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం), పెళ్లి కూడా ఆ పేరు పక్కనే రాస్తారు. పెళ్లి కుదిరినప్పుడు జ్ఞానస్నానం జరిగిన విచారణకే కాగితం కోసం ఎందుకు పరుగెత్తాలో అప్పుడు అర్థమైందని చాలామంది తల్లిదండ్రులు అన్నారు. మన జిల్లా సంగతి తెలిసిందే. తండ్రి చెన్నైలో సెంట్రింగ్ పని, బాబాయి గుజరాత్ వేరావల్‌లో పడవ మీద, తల్లి పురిటికి హైదరాబాద్‌లో అక్క దగ్గర. బిడ్డకు ఎక్కడ వీలైతే అక్కడ జ్ఞానస్నానం ఇప్పించారు. ఆ విచారణలకు మన ఆఫీసు నుంచి ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం. కొన్నింటికి జవాబు వచ్చింది. రానివాటి కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాం.

రిజిస్టర్ తెరిచిన రోజు పిల్లల హడావిడి చూడాల్సిందే. బడిలో లావణ్య అయిన అమ్మాయి రిజిస్టర్‌లో మరియమ్మ. "నాకు రెండో పేరుందా!" అని ఆ పిల్ల ఊరంతా చెప్పుకుంది. ఇంకో కుర్రాడు తనకు పునీతుల (సెయింట్ల) పేరు లేదని చిన్నబుచ్చుకున్నాడు. పునీతుల పేరు పెట్టడం మంచి అలవాటే గానీ, తప్పనిసరి కాదు. క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు కాకూడదని మాత్రమే చట్టం చెబుతుంది. ఫాదర్ గారు ఆ మాట వాడికి వివరంగా చెప్పి పంపారు.

ఒక ఇబ్బంది గురించి దాచకుండా రాయాలి. రిజిస్టర్, సర్టిఫికెట్ అనగానే కొందరు తల్లిదండ్రులకు టెన్షన్ వచ్చింది, కులం సర్టిఫికెట్‌కు అడ్డమవుతుందేమోనని. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఆ అన్యాయం మీద దేశంలో ఏళ్ల తరబడి పోరాటం నడుస్తోంది, మన ఆదివారం తరగతిలో తేలేది కాదు. మేం చేయగలిగింది చేశాం. తేదీ చీటీ మీద రాసి ఆ పిల్లాడి చేతికే ఇచ్చాం. నకళ్లు తీయలేదు, గోడమీద పేర్లు అంటించలేదు. గోడ మీద చార్ట్ ఉంటే బాగుండేదని ఒక టీచర్ అన్నారు గానీ, ఇందులో కుటుంబం మాటే చివరి మాట.

ఇక ప్రశ్నలు. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది ఇది: "మా పెదనాన్నోలికి పెద్దయ్యాక చెరువులో ముంచి ఇస్తారు కదా, మాకేటి సిన్నప్పుడే ఇచ్చీసినారు?" ఇది మన ప్రాంతంలో తప్పించుకోలేని ప్రశ్న. కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు 19వ శతాబ్దంలోనే శ్రీకాకుళం, బొబ్బిలి వైపు పనిచేశారు. ఒకే ఇంట్లో ఒకరు కతోలికులు, ఇంకొకరు బాప్టిస్టు సంఘం వాళ్లు. పెదనాన్నను తక్కువ చేసే జవాబు ఇవ్వకూడదని టీచర్లు ముందే మాట్లాడుకున్నారు. మేం చెప్పింది ఇంతే. నీకు పేరు పెట్టేముందు నిన్ను అడిగారా? లేదు, నువ్వు వాళ్ల బిడ్డవి కాబట్టి పెట్టారు. జ్ఞానస్నానం నువ్వు సంపాదించుకునేది కాదు, దేవుడు ఉచితంగా ఇచ్చేది. అపోస్తలుల కార్యాలు 16వ అధ్యాయంలో లూదియా ఇంటివాళ్లతో సహా, చెరసాల కాపలాదారు తన వాళ్లందరితో సహా పుచ్చుకున్నారు. పెద్దయ్యాక నీ నోటితో నువ్వు విశ్వాసం ప్రకటించాలి, దాన్ని తప్పించుకోలేవు. భద్రమైన అభ్యంగనం దగ్గర, ప్రతి పాస్కా జాగరణలో (ఈస్టర్ ముందు రాత్రి ఆరాధనలో) జ్ఞానస్నాన ప్రమాణాలు అడిగేది అందుకే.

దీని వెంటే ఇంకో ప్రశ్న వచ్చింది: వాళ్లది చెల్లదా, మళ్లీ ఇవ్వాలా? నీళ్లతో, పిత పుత్ర పవిత్రాత్మ నామమున సరిగ్గా ఇచ్చిన జ్ఞానస్నానాన్ని శ్రీసభ గుర్తిస్తుంది, మళ్లీ ఇవ్వదు. సాలూరు వైపు నుంచి వచ్చిన లూథరన్ కుటుంబాల పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. బిషప్‌లు కలిసి మన విశ్వాస సంగ్రహానికి పునాది వేసిన నైసియా మహాసభకు 2025 1700వ సంవత్సరం. విశ్వాస సంగ్రహంలో మనం చెప్పే "ఒకే జ్ఞానస్నానము" అన్న మాట ఈ సందర్భంలో పిల్లలకు చెప్పడానికి బాగా పనికొచ్చింది.

నీళ్ల గురించి ఒక గంట సేపు నవ్వులే. కొబ్బరి నీళ్లతో ఇవ్వొచ్చా, కూల్‌డ్రింక్‌తో ఇవ్వొచ్చా? వీల్లేదు, అసలైన నీళ్లే కావాలి. నాగావళి నీళ్లు? నిక్షేపంగా. మామూలుగా అయితే ఆశీర్వదించిన నీళ్లే వాడాలి, అంతే. ప్రాణం మీదికొచ్చినప్పుడు గురువు అందుబాటులో లేకపోతే ఎవరైనా ఇవ్వవచ్చని, శ్రీసభ చేసేదాన్నే చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలని పెద్ద తరగతి పిల్లలకు చెప్పాం. మాటలు మాత్రం మార్చకూడదు. "నేను నీకు" అనే చోట "మేము నీకు జ్ఞానస్నానమిస్తున్నాము" అంటే చెల్లదని 2020 ఆగస్టులో రోము స్పష్టం చేసింది. ఈ పాఠం విన్న ఒక గుంటడు ఇంటికెళ్లి మేకపిల్ల నెత్తిన చెంబుడు నీళ్లు పోశాడట. వాళ్ల నాన్నమ్మ ఫిర్యాదు మోసుకొచ్చింది. అత్యవసరం అంటే ఏమిటో తర్వాతి ఆదివారం మళ్లీ చెప్పాం.

బొమ్మతో చేసి చూపిన తరగతి అందరికీ నచ్చింది. గుమ్మం దగ్గర పేరు అడగడం, నుదుట సిలువ గుర్తు, నూనె, తెల్లని వస్త్రం, పాస్కా వత్తి నుంచి వెలిగించిన కొవ్వొత్తి, అన్నీ పిల్లలే పంచుకున్నారు. నీళ్లు పోసే చోట మాత్రం ఆపి వివరించాం, ఆటగా చేయనివ్వలేదు. పవిత్ర వారంలో పీఠాధిపతులు (బిషప్‌లు) అభిషేకించే క్రిస్మా తైలం వాసన ఎలా ఉంటుందో చూపించమని పిల్లలు పట్టుబట్టారు. ఫాదర్ గారు సీసా మూత తీసి దూరం నుంచే వాసన చూడనిచ్చారు. నూనెలో సుగంధ ద్రవ్యం కలుపుతారని, బిడ్డ నడినెత్తి మీద పూసేది అదేనని చెప్పారు. నిర్వచనం మర్చిపోయినా ఆ వాసన మర్చిపోరు.

ఒక ఆదివారం తరగతి అయ్యాక ఒక అమ్మాయి వెళ్లకుండా నిలబడింది. తమ్ముడు పుట్టిన రోజే పోయాడు, జ్ఞానస్నానం అందలేదు. ఇంట్లో ఎవరో పెద్దావిడ వాడు మోక్షానికి పోడని అన్నారట. టీచర్ ఆ పిల్లతో చెప్పింది సభ్యులందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాం. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డలను శ్రీసభ దేవుని కరుణకు అప్పగిస్తుంది. చిన్నబిడ్డలను నా దగ్గరకు రానివ్వండి అన్న యేసు మాట మీద మన ఆశ. సత్యోపదేశ గ్రంథం 1261వ అంశంలో ఇది ఉంది. ఆ బిడ్డల రక్షణను ఆశించడానికి గట్టి కారణాలున్నాయని 2007లో రోములోని అంతర్జాతీయ వేదాంత సంఘం కూడా చెప్పింది. వెనకటి పెద్దలు లింబో (జ్ఞానస్నానం లేని పసిబిడ్డలు మోక్షం బయట ఉండిపోయే చోటు) అని చెప్పుకున్నది విశ్వాస సత్యంగా శ్రీసభ ఎన్నడూ ప్రకటించలేదు. తర్వాత ఫాదర్ గారు ఆ ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడారు. మన ఇళ్లలో నాన్నమ్మలు, అమ్మమ్మలు ఈ విషయంలో పిల్లలను, ముఖ్యంగా బిడ్డను పోగొట్టుకున్న తల్లులను భయపెట్టకుండా చూడండి.

ఇన్ని చెప్పినా అసలు లోటు పిల్లల్లో లేదని ఈ ఏడాది తేలింది. సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లంతా ఊరికి వస్తారు. ఉన్న నాలుగు రోజుల్లో జ్ఞానస్నానం అయిపోవాలంటారు. 2025లో ప్రభువు జ్ఞానస్నాన పండుగ జనవరి 12న, భోగికి ముందు రోజే వచ్చింది. ఆ వారమంతా ఆఫీసు ముందు జనమే. పుట్టిన కొద్ది వారాల్లోనే ఇప్పించాలన్నది చట్టం మాటే గానీ, తల్లిదండ్రులకు ముందుగా పాఠం చెప్పాలన్నదీ చట్టమే. అందుకని బండెక్కేముందు, వాళ్లున్న ఊళ్లోనే తల్లిదండ్రుల తరగతికి వెళ్లి ఉత్తరం తెచ్చుకుంటే ఇక్కడ ఆలస్యం ఉండదని కబురు పెట్టాం. కొందరు తెచ్చారు, కొందరు కోపగించారు.

జ్ఞానతండ్రి సంగతి ఇంకా పెద్ద చిక్కు. మన దగ్గర మేనమామకే ఆ వరస. మేనమామ బాప్టిస్టు సంఘంలో ఉంటే? అతను ఒక కతోలిక జ్ఞానతల్లితో లేదా జ్ఞానతండ్రితో పాటు సాక్షిగా నిలబడవచ్చు, జ్ఞానతండ్రిగా కాదు. ఈ దారి ఉందని తెలియక ఇళ్లలో గొడవలు పడ్డవాళ్లున్నారు. జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి 16 ఏళ్లు నిండిన కతోలికులై, భద్రమైన అభ్యంగనం పొంది ఉండాలి. బిడ్డ కన్న తల్లి, తండ్రి ఆ పాత్రలో ఉండకూడదు. ఒక్కరు చాలు. డబ్బున్న పరిచయస్థుణ్ని నిలబెట్టి, ఆయన బట్టలు పెట్టి వెళ్లాక మళ్లీ ముఖం చూడని ఇళ్లు ఎన్నో మనకు తెలుసు. తేదీల హోంవర్క్‌లో ఎక్కువమంది పిల్లలు ఖాళీగా వదిలేసిన గడి ఇదే.

రిజిస్టర్లు వెతికినప్పుడు ఇంకోటి బయటపడింది. ప్రథమ దివ్యసత్ప్రసాదం (మొదటిసారి పవిత్ర అప్పం పుచ్చుకోవడం) తరగతిలో కూర్చున్న కొందరు పిల్లలకు అసలు జ్ఞానస్నానమే జరగలేదు. ఏడేళ్లు నిండి, తెలివి వచ్చిన పిల్లలను ఈ విషయంలో శ్రీసభ పెద్దల లెక్కలోనే చూస్తుంది, వాళ్లకు కావలసింది పసిబిడ్డల క్రమం కాదు. సిస్టర్లు వాళ్లకు విడిగా పాఠం చెప్పారు. ఏప్రిల్ 19న పాస్కా జాగరణ రాత్రి వాళ్లు జ్ఞానస్నానం పొందారు. తమ నోటితో తామే విశ్వాసం ప్రకటించారు. మిగతా పిల్లలు నిద్ర మానుకుని చూశారు.

వచ్చే ఏడాదికి తీర్మానాలు. తల్లిదండ్రుల తరగతి ప్రతి నెలా మొదటి ఆదివారం రెండో పూజ తర్వాత జరుగుతుంది. సంక్రాంతికి రానున్న కుటుంబాలు నవంబరు చివరిలోగా ఆఫీసులో పేరు చెప్పాలి. జ్ఞానతల్లులను, జ్ఞానతండ్రులను ఏడాదికోసారి పూజకు పిలిచి భోజనం పెట్టాలన్న ప్రతిపాదన మీద సర్వసభ్య సమావేశంలో చర్చ ఉంటుంది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు. తీరప్రాంత ఊళ్లలో ఆదివారం తరగతి చెప్పడానికి టీచర్లు చాలడం లేదు. వెళ్లగలిగినవాళ్లు కార్యదర్శికి చెప్పండి, బస్సు చార్జీలు సంఘం ఇస్తుంది. తేదీ ఇంకా దొరకని పిల్లల తల్లిదండ్రులు బిడ్డ పుట్టిన ఊరు, జ్ఞానస్నానం ఇచ్చిన చర్చి పేరు కాగితం మీద రాసి ఆఫీసులో ఇస్తే మిగతా ఉత్తరాలు మేం రాసుకుంటాం.

కార్యదర్శి